వ్యాధి నిరోధక శక్తి సడలినప్పుడు: చర్మ శిలీంధ్ర వ్యాధుల చరిత్ర

1. పరిచయం

తామర తెలియని ఇల్లు మన ప్రాంతంలో అరుదు. నడుము దగ్గర బొందు బిగించే చోట, తొడల సందుల్లో, చంకల్లో గుండ్రని మచ్చగా మొదలై, అంచులు ఎర్రబడి, రాత్రిళ్ళు నిద్ర పోనివ్వని ఈ దురదను మనం పెద్ద జబ్బుగా లెక్కించం. చరిత్రకారులూ లెక్కించలేదు. కలరాకు, ప్లేగుకు, మశూచికి ప్రభుత్వ నివేదికలున్నాయి, మరణాల పట్టికలున్నాయి, చట్టాలున్నాయి. తామరకు అటువంటి దస్తావేజులు లేవు. దానితో మనిషి చనిపోడు కాబట్టి దాని లెక్క ఎవరూ రాసిపెట్టలేదు.

కొన్నేళ్ళ కిందట ఒక అధ్యయన కేంద్రంలో తరగతి జరుగుతుండగా, నర్సుగా పనిచేస్తూ డిగ్రీ చదువుకుంటున్న ఒక విద్యార్థిని నన్ను అడిగింది: "సార్, మా వార్డులో కిడ్నీ మార్పిడి అయినవాళ్ళకు, కీమోథెరపీ తీసుకునేవాళ్ళకు ఒంటిమీద చిన్న పొక్కు లేచినా డాక్టర్లు పరుగెత్తుకొస్తారు. మా అమ్మకు ఏళ్ళ తరబడి తామర ఉంది, ఎవరూ పట్టించుకోరు. రెండూ ఫంగసే కదా?" ఈ ప్రశ్నకు వైద్యుడు చెప్పే జవాబు ఒకటుంది. చరిత్ర విద్యార్థిగా మీరు చెప్పవలసిన జవాబు వేరే ఉంది. ఈ పాఠం ఆ రెండో జవాబు కోసం.

దాన్ని క్లుప్తంగా ముందే చెబుతాను, ఆధారాలు తరువాత చూద్దాం. ఈ శిలీంధ్రాల్లో చాలావరకు కొత్తవి కావు. మన చర్మం మీద, నోటిలో, మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో ఎప్పటినుంచో ఉన్నవే. మారింది మనిషి శరీరపు రక్షణ. అది కొన్నిసార్లు మరో జబ్బు వల్ల సడలింది, కొన్నిసార్లు ఆకలి వల్ల, మరికొన్నిసార్లు ప్రాణం నిలపడానికి మనమే ఇచ్చిన మందుల వల్ల. కాబట్టి ఈ జబ్బుల చరిత్ర రాసేవారు శిలీంధ్రం వెంట మాత్రమే నడిస్తే సగం కథే తెలుస్తుంది. బలహీనపడిన మనుషుల వెంట కూడా నడవాలి.

2. పట్టుపురుగు నుంచి మనిషి తల దాకా

సూక్ష్మజీవుల వల్ల జబ్బులు వస్తాయన్న సిద్ధాంతం పేరు చెప్పగానే మీకు పాశ్చర్, కోచ్ గుర్తుకొస్తారు. కోచ్ ఆంత్రాక్స్ మీద తన పరిశోధనను ప్రచురించింది 1876లో, క్షయ క్రిమిని ప్రకటించింది 1882లో. శిలీంధ్రాల కథ అంతకు నాలుగు దశాబ్దాల ముందే మొదలైంది. ఇటలీలోని లోడీ ప్రాంతానికి చెందిన అగోస్టినో బాస్సీ, పట్టుపురుగులు తెల్లగా సున్నం పూసినట్టు బిగుసుకుని చనిపోయే జబ్బుకు ఒక బూజు కారణమని 1835లో నిరూపించాడు. ఆ పని కోసం ఆయన పాతికేళ్ళకు పైగా శ్రమపడ్డాడు.

బాస్సీ పుస్తకం చదివిన వైద్యులు మనుషుల్లోనూ వెతకడం మొదలుపెట్టారు. తలమీద పసుపు పచ్చని పెచ్చులు కట్టి, జుట్టు ఊడిపోయే ఫేవస్ అనే జబ్బు ఐరోపాలోని పేదల పిల్లల్లో ఎక్కువగా ఉండేది. జ్యూరిచ్‌లో షోన్‌లైన్ 1839లో ఆ పెచ్చుల్లో శిలీంధ్రాన్ని చూసినట్టు ప్రకటించాడు. బెర్లిన్‌లో రోబర్ట్ రేమాక్ అంతకు ముందే దాన్ని సూక్ష్మదర్శినిలో చూశాడు. ఆ పెచ్చును తన చేతికే అంటించుకుని జబ్బు తెచ్చుకుని మరీ పరీక్షించాడు. తరువాత ఆ శిలీంధ్రానికి షోన్‌లైన్ పేరే పెట్టాడు. పారిస్‌లో హంగరీ నుంచి వచ్చిన డేవిడ్ గ్రూబీ 1841 నుంచి 1844 వరకు ఒకదాని తరువాత ఒకటిగా ఇదే తరహా జబ్బుల శిలీంధ్రాలను వర్ణించాడు. రేమాక్, గ్రూబీ ఇద్దరూ యూదులు. ఆనాటి విశ్వవిద్యాలయాల్లో వారికి పెద్ద పదవులు దక్కడం ఎంత కష్టమో ఐరోపా చరిత్ర పాఠాల్లో మీరు చదివే ఉంటారు.

ఈ శిలీంధ్రాలు తినేది కెరాటిన్ అనే పదార్థాన్ని. చర్మం పైపొరలోని మృతకణాల్లో, జుట్టులో, గోళ్ళలో అది ఉంటుంది. అందుకే ఆరోగ్యవంతుడిలో తామర పైపొరను దాటి లోపలికి దిగదు. రక్తంలోని తెల్లకణాలు దాన్ని అక్కడే ఆపుతాయి. గుండ్రని మచ్చ అంచున కనిపించే ఎరుపు, వాపు ఆ పోరాటానికి గుర్తులే. ఈ విషయాన్ని గుర్తుపెట్టుకోండి, చివరలో మళ్ళీ అవసరమవుతుంది.

3. విత్తనమా, నేలా?

గ్రూబీ వర్ణించిన వాటిలో ఒకటి తామరకు చెందినది కాదు. పసిపిల్లల నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు అంటుకున్నట్టు తెల్లని పొర కట్టే నోటిపూత అది. దానికి కారణమైన ఈస్టును నేడు మనం కాండిడా అంటున్నాం. ఇది నోటికే పరిమితం కాదు. చంకలు, గజ్జలు, రొమ్ముల కింది మడతలు, నిత్యం తడిలో పనిచేసేవాళ్ళ కాలివేళ్ళ సందులు, గోటి మొదళ్ళు, ఇలా తేమ నిలిచే ప్రతి చోటా అది చర్మాన్ని ఒరిపిస్తుంది.

19వ శతాబ్దపు వైద్యులు గమనించిన ఒక సంగతి ఇక్కడ ముఖ్యం. నోటిపూత అందరికీ రాదు. అనాథ శరణాలయాల్లో పాలు అందక చిక్కిపోయిన శిశువులకు వస్తుంది. దీర్ఘకాలం జ్వరంతో మంచం పట్టినవారికి, క్షయతో కృశించినవారికి వస్తుంది. మధుమేహం ఉన్నవారిలో మడతల్లో ఒరుపు పదేపదే తిరగబెడుతుంది. అంటే జబ్బుకు శిలీంధ్రం అవసరమే, కానీ శిలీంధ్రం ఒక్కటే చాలదు. ఆనాటి వైద్యుల మధ్య దీనిపై పెద్ద చర్చ నడిచింది. జబ్బుకు అసలు కారణం విత్తనమా, అది పడిన నేలా? వ్యవసాయం తెలిసినవారికి ఈ ప్రశ్న వింతగా తోచదు. అయితే కోచ్ తరం విజయాల తరువాత విత్తనాన్ని వెతికేవారి మాటే పైచేయి అయింది. నేల గురించి మాట్లాడేవారు వెనకబడ్డారు. ఆ చర్చను మళ్ళీ ముందుకు తెచ్చింది 20వ శతాబ్దపు మందులే.

4. 1948: ఒక తెలుగువాడి ప్రయోగశాల

ఇక్కడ మన కథ అమెరికాకు, అక్కడి ఒక తెలుగు శాస్త్రవేత్త దగ్గరకు వెళ్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు రాజమండ్రిలో, మద్రాసులో చదువుకుని, హార్వర్డ్‌లో పరిశోధన చేసి, 1940లో లెడర్లీ అనే మందుల సంస్థలో చేరాడు. తరువాత అక్కడ పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడు. ఆయన హయాంలో ఆ ప్రయోగశాలలో జరిగిన రెండు పనులు మన పాఠానికి సంబంధించినవి.

ఒకటి ఆరియోమైసిన్. వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి దాన్ని రాబట్టాడు. 1948లో లోకానికి తెలిసిన ఈ మందు టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. అనేక రకాల బ్యాక్టీరియాలను ఒకేసారి చంపగలదు. రెండోది ఫోలిక్ ఆమ్లం మీద జరిగిన పని. దాని కృత్రిమ తయారీ నుంచి దానికి విరుద్ధంగా పనిచేసే మందులు పుట్టాయి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్ అనే మందుతో రక్త క్యాన్సర్ పిల్లల్లో తాత్కాలికంగానైనా జబ్బు తగ్గించగలిగినట్టు 1948లో ప్రకటించాడు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. క్యాన్సర్‌కు, కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కు నేటికీ వాడుతున్నాం. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో మరణించాడు.

ఈ రెండు మందులూ లక్షలమంది ప్రాణాలు నిలిపాయి. అందులో సందేహం అక్కరలేదు. అయితే రెండూ నేలను మార్చాయి. మన నోటిలో, పేగుల్లో, చర్మం మీద బ్యాక్టీరియా, ఈస్టు పక్కపక్కన బతుకుతుంటాయి. బ్యాక్టీరియాను ఊడ్చేస్తే ఈస్టుకు పోటీ ఉండదు. ఆరియోమైసిన్ వాడకం మొదలైన కొద్ది కాలానికే వైద్యులు నోటిపూత, మలద్వారం చుట్టూ ఒరుపు, గజ్జల్లో ఎర్రని పుండ్లు చూడసాగారు. క్యాన్సర్ మందులు తెల్లకణాలు తయారయ్యే మూలుగనే దెబ్బతీస్తాయి కాబట్టి వాటి ప్రభావం ఇంకా లోతైనది.

అదే 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్ళవాతంతో కదలలేని ఒక స్త్రీకి కార్టిసోన్ ఇచ్చాడు. కొద్ది రోజుల్లోనే ఆమె నడవగలిగింది. రెండేళ్ళలో ఆ బృందానికి నోబెల్ బహుమతి వచ్చింది. స్టెరాయిడ్ల యుగం అలా మొదలైంది. వాపును తగ్గించడమంటే శరీరం చేసే పోరాటాన్ని తగ్గించడమేనని అర్థం కావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1954లో బోస్టన్‌లో కవలల మధ్య మూత్రపిండ మార్పిడి జరిగింది. కవలలు కానివారికీ మార్పిడి చేయాలంటే నిరోధక శక్తిని మందులతో అణచక తప్పదు. 1960ల నుంచి అజథయోప్రిన్, స్టెరాయిడ్లు కలిపి ఆ పని చేశారు. మన దేశంలో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1971లో మూత్రపిండ మార్పిడి విజయవంతమైంది. ఆ ఆసుపత్రికి రైలెక్కి వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఎన్నో మీకు తెలుసు.

1948కి ముందు బలహీనమైన శరీరం అంటే ఆకలితోనో జబ్బుతోనో చిక్కిన శరీరం. ఆ తరువాత వైద్యం బతికించి ఉంచిన శరీరం కూడా ఆ జాబితాలో చేరింది. ఆ వార్డుల్లో మామూలు వస్తువులు కూడా ప్రమాదకరమయ్యాయి. 1970ల చివర్లో అమెరికా ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స గాయాలమీద సాగే పట్టీలు వేసిన చోట చర్మం కుళ్ళడం మొదలైంది. విచారిస్తే ఆ పట్టీల్లోనే రైజోపస్ అనే బూజు బీజాలు ఉన్నాయని తేలింది. పాత రొట్టెమీద పట్టే బూజు జాతికి చెందినదే అది. మీ చేతిమీద అదే పట్టీ వేస్తే బహుశా ఏమీ జరిగేది కాదు.

ఒక చిన్న పక్కదారి. సుబ్బారావు గౌరవార్థం 1953లో ఒక జీవి ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. ఆ జీవి ఒక శిలీంధ్రం.

5. ఇద్దరు స్త్రీలు, ఉత్తరాల్లో ప్రయాణించిన మట్టి

కొత్త సమస్యకు మందు కూడా మట్టినుంచే వచ్చింది. న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖ ప్రయోగశాలల్లో ఇద్దరు స్త్రీలు పనిచేసేవారు. సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఎలిజబెత్ హేజెన్ న్యూయార్క్ నగరంలో, రసాయన శాస్త్రవేత్త రేచెల్ బ్రౌన్ ఆల్బనీలో ఉండేవారు. హేజెన్ మట్టి నమూనాల్లోని సూక్ష్మజీవులను పెంచి, శిలీంధ్రాలను చంపే వాటిని ఏరి, గాజు సీసాల్లో తపాలా ద్వారా ఆల్బనీకి పంపేది. బ్రౌన్ అందులోని పదార్థాన్ని వేరుచేసి మళ్ళీ తపాలాలోనే తిరిగి పంపేది. చాలా పదార్థాలు శిలీంధ్రాన్ని చంపాయి, జంతువునూ చంపాయి. చివరకు వర్జీనియాలో హేజెన్ స్నేహితుల పొలం నుంచి తెచ్చిన మట్టిలో పనికొచ్చేది దొరికింది. 1950లో దాన్ని ప్రకటించి, తమ రాష్ట్రం పేరుమీద నిస్టాటిన్ అన్నారు. దానిపై వచ్చిన కోటీ 30 లక్షల డాలర్లకు పైగా రాబడిని ఇద్దరూ తమకోసం తీసుకోకుండా శాస్త్ర పరిశోధనకు ఇచ్చేశారు. విజ్ఞాన చరిత్ర పుస్తకాల్లో ఈ ఇద్దరికీ దొరికిన చోటు చాలా తక్కువని నా అభిప్రాయం.

నిస్టాటిన్ చర్మం మీద, నోటిలో, పేగుల్లో పనిచేస్తుంది, రక్తంలోకి చేరదు. శిలీంధ్రం లోపలికి దిగితే మరో మందు కావాలి. 1950ల మధ్యలో వెనెజువెలాలోని ఒరినోకో నది ప్రాంతపు మట్టినుంచి ఆంఫోటెరిసిన్ బి దొరికింది. నరంలోకి ఎక్కించవలసిన మందు ఇది. ఎక్కించేటప్పుడు చలిజ్వరం, వణుకు వస్తాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అయినా ప్రాణాంతకమైన శిలీంధ్ర వ్యాధులకు దశాబ్దాల పాటు ఇదే దిక్కు. తామరకు మింగే మందు గ్రైసియోఫుల్విన్ కూడా 1950ల చివర్లోనే వాడకంలోకి వచ్చింది.

6. వెదురు ఎలుక నేర్పిన పాఠం

ఇప్పటిదాకా చెప్పినది ఎక్కువగా ఆసుపత్రి గోడల లోపలి చరిత్ర. గోడల బయట, కొండల్లో ఏం జరిగిందో చూడటానికి ఒకే ఒక శిలీంధ్రం కథను కొంచెం వివరంగా తీసుకుందాం.

1956లో వియత్నాంలోని దలాత్ పట్టణంలో ఉన్న పాశ్చర్ సంస్థలో పరిశోధనకు పెంచుతున్న వెదురు ఎలుకలు చనిపోయాయి. వెదురు పొదల కింద బొరియలు తవ్వుకుని వేళ్ళు తినే, పిల్లి పిల్లంత ఉండే జంతువులవి. వాటి అవయవాల్లో ఒక కొత్త శిలీంధ్రం కనిపించింది. పారిస్‌లో గాబ్రియెల్ సెగ్రెతాఁ దాన్ని అధ్యయనం చేసి, 1959లో ఇండోచైనా పాశ్చర్ సంస్థల అధిపతి ఉబేర్ మార్నెఫ్ పేరుమీద పెనిసిలియం మార్నెఫై అని పేరు పెట్టాడు. (2011 నుంచి దాన్ని టాలరోమైసిస్ మార్నెఫై అంటున్నారు.) ప్రయోగశాలలో గది ఉష్ణోగ్రత వద్ద అది బూజులా పెరిగి, చుట్టూ ఎర్రరంగు వదులుతుంది. 37 డిగ్రీల వద్ద, అంటే మన ఒంటి వేడిమిలో, రూపం మార్చుకుని ఈస్టు కణాలుగా విడిపోతుంది.

ఈ శిలీంధ్రం సోకిన మొదటి మనిషి సెగ్రెతాఁయే. ప్రయోగంలో సూది పొరపాటున ఆయన వేలికి గుచ్చుకుంది. అక్కడ చర్మం కింద ఒక గడ్డ లేచింది, తరువాత చంకలో బిళ్ళ కట్టింది. చికిత్సతో కోలుకున్నాడు. ఆరోగ్యవంతుడి శరీరం ఆ శిలీంధ్రాన్ని ఎక్కడ ఆపగలదో ఈ ఒక్క సంఘటన చూపిస్తుంది. సహజంగా సోకిన మొదటి రోగి గురించి 1973లో ప్రచురించారు. ఆగ్నేయాసియాలో ఉండి వచ్చిన ఒక అమెరికన్ ఆయన. ఆయనకు హాడ్జ్‌కిన్ వ్యాధి, అంటే రోగనిరోధక వ్యవస్థకే వచ్చే ఒక క్యాన్సర్ ఉంది. ఆ తరువాత పదిహేనేళ్ళ వరకు ఇది అరుదైన వింతగానే మిగిలింది.

1981 జూన్ 5న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం లాస్ ఏంజెలెస్‌లోని ఐదుగురు యువకుల గురించి ఒక చిన్న నివేదిక అచ్చువేసింది. ఎయిడ్స్ చరిత్రలో మొదటి దస్తావేజు అది. వారికి వచ్చిన అరుదైన న్యుమోనియా గురించే అందరూ చెబుతారు. అదే నివేదికలో ఆ ఐదుగురికీ కాండిడా పూత ఉందని కూడా రాసి ఉంది. రక్షణ కూలిపోయిందన్న తొలి గుర్తుల్లో ఒకటి నోటిలోనే కనిపించింది, అనాథ శరణాలయాల పసిపిల్లల్లో కనిపించినట్టే.

హెచ్‌ఐవి 1988 తరువాత థాయిలాండ్‌లో, ముఖ్యంగా ఉత్తర ప్రాంతంలో వేగంగా పాకింది. చియాంగ్ మాయ్ ఆసుపత్రికి జ్వరంతో, బాగా చిక్కిపోయి, ముఖం నిండా పొక్కులతో యువకులు రాసాగారు. పొక్కు మధ్యలో బొడ్డులా చిన్న గుంట, ఒక్కోసారి అందులో నల్లని పెచ్చు. వెదురు ఎలుకల శిలీంధ్రమే అది. ఉత్తర థాయిలాండ్‌లోని ఎయిడ్స్ రోగుల్లో క్షయ, క్రిప్టోకాకస్ వ్యాధుల తరువాత మూడో స్థానం దానిదే అయింది. రోగుల్లో దాదాపు పదిమందిలో ఏడుగురికి చర్మం మీద పొక్కులున్నాయి. అవి చర్మంలో పుట్టినవి కావు. ఊపిరితో లోపలికి వెళ్ళిన బీజాలు రక్తంలో వ్యాపించి చర్మం మీద బయటపడ్డాయి.

అందరూ ఎలుకను అనుమానించారు. కొండప్రాంతాల్లో వాటిని వేటాడి తింటారు కాబట్టి అనుమానం సహజమే. కానీ జబ్బు వచ్చినవారిని, రానివారిని పోల్చి చూసిన థాయ్ పరిశోధకులకు వేరే విషయం తేలింది. ఎలుకను తినడానికి, జబ్బుకు సంబంధం కనిపించలేదు. మట్టిపనితో సంబంధం కనిపించింది. కేసులు వర్షాకాలంలో పెరిగాయి. రైతు కూలీలు, నాట్లకు దుక్కికి వెళ్ళేవారు. ఎలుక కూడా బహుశా మనిషిలాగే ఆ మట్టినుంచే జబ్బు తెచ్చుకుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
అ) "వెదురు ఎలుకల వల్ల జబ్బు వచ్చింది", "వర్షాకాలంలో మట్టిపని చేసిన, హెచ్‌ఐవి సోకిన కూలీలకు జబ్బు వచ్చింది" అన్న రెండు వాక్యాల్లో కారణం గురించిన భావన ఎలా వేరుగా ఉంది?
ఆ) 1956లో దొరికిన శిలీంధ్రం 1988 తరువాతే ప్రజారోగ్య సమస్య ఎందుకయింది? మీ మాటల్లో రాయండి.

7. మణిపూర్

ఈ శిలీంధ్రం విదేశీ కథ అనుకునేవారికి 1999లో జవాబు వచ్చింది. మణిపూర్ వైద్యులు హెచ్‌ఐవి సోకిన నలుగురు రోగుల్లో దాన్ని గుర్తించి ప్రచురించారు. ఆ నలుగురికీ జబ్బు స్థానికంగానే సోకింది. ఆ తరువాత మణిపూర్ కొండల్లో పట్టిన వెదురు ఎలుకల్లోనూ శిలీంధ్రం దొరికింది. అంటే అది ఎక్కడినుంచో రాలేదు. అక్కడి మట్టిలోనే ఉంది.

మరి బయటికి వచ్చినది ఏది? మయన్మార్ సరిహద్దు మీదుగా హెరాయిన్ వచ్చింది. నిరుద్యోగం, సాయుధ ఘర్షణల మధ్య పెరిగిన యువకులు సూదులు పంచుకున్నారు. 1989-90 ప్రాంతంలో అక్కడ హెచ్‌ఐవి బయటపడింది. కొద్ది కాలంలోనే ఇంజెక్షన్ల ద్వారా మత్తుమందు తీసుకునేవారిలో సగం మంది దాకా అది పాకింది. శిలీంధ్రం దారి తెరిచినది ఈ వరుస సంఘటనలే.

ఇక్కడ ఒక ఆచరణాత్మక విషయం చెప్పాలి, ఎందుకంటే ప్రాణాలు పోయింది ఇక్కడే. జ్వరం, బరువు తగ్గడం, మెడలో బిళ్ళలు కనిపిస్తే మన దేశంలో ఏ వైద్యుడైనా ముందు క్షయ అనుకుంటాడు. అది అర్థం చేసుకోదగిన పొరపాటే. ముఖంమీద గుంటపడిన పొక్కులను వైరస్ వల్ల వచ్చే మొలస్కమ్ అనే మామూలు జబ్బుగా పొరబడటం కూడా సులభమే. క్షయ మందులతో వారాలు గడిచేలోపు శిలీంధ్రం కాలేయానికి, మూలుగకు పాకుతుంది. నిజానికి ఆ పొక్కునే కొద్దిగా గీకి, గాజుపలక మీద అద్ది, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక్క రోజులో గుర్తుపట్టవచ్చు. ఖరీదైన యంత్రం అక్కరలేదు. పొక్కును చూసినప్పుడు దీన్ని కూడా అనుమానించే కన్ను కావాలి. ఇంకొక అడ్డంకి రోగి వైపునుంచి ఉంది. ముఖంమీది పొక్కు అందరికీ కనిపిస్తుంది, ఎయిడ్స్‌ను ఊరికి చాటుతుంది. అటువంటి ముఖంతో ఆసుపత్రి వరుసలో నిలబడటానికి ఎంత ధైర్యం కావాలో ఊహించండి. వైద్య పత్రికల్లో పొక్కుల ఫోటోలున్నాయి. ఆ ముఖాల వెనక మనుషుల మాటలు ఎక్కడా లేవు. మౌఖిక చరిత్ర మీద ఆసక్తి ఉన్న మీలాంటివారు చేయవలసిన పని అక్కడ మిగిలి ఉంది.

2004 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం హెచ్‌ఐవి మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. హెచ్‌ఐవి ఎక్కువగా ఉన్న రాష్ట్రాలుగా ముందు గుర్తించిన ఆరింటిలో మణిపూర్, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. మన ప్రాంతంలో ఎయిడ్స్ రోగుల్లో ఎక్కువగా కనిపించిన శిలీంధ్ర లక్షణం నోటిపూతే. మార్నెఫై మన మట్టి జబ్బు కాదు. అయినా రెండు చోట్లా నిరోధక శక్తి తిరిగి పెరిగితే శిలీంధ్రం తగ్గింది. చికిత్స విషయంలో 2017లో వియత్నాం నుంచి ముఖ్యమైన ఫలితం వచ్చింది. 440 మంది రోగులపై జరిగిన పోలికలో, మొదట ఆంఫోటెరిసిన్ ఇచ్చినవారిలో 24 వారాల్లో 11.3 శాతం మరణించగా, నోటి మాత్ర ఇట్రకొనజోల్‌తో మొదలుపెట్టినవారిలో 21 శాతం మరణించారు. మాత్ర చౌక, ఇంటిదగ్గర మింగవచ్చు. నరానికి ఎక్కించే మందుకు ఆసుపత్రి మంచం కావాలి, రక్తపరీక్షలు కావాలి. ఆ పది శాతం తేడాలో ఎవరు ఏ వైపు పడతారో తరచు నిర్ణయించేది రోగి ఉన్న ఊరు.

8. మన వాకిట్లో

2021లో కోవిడ్ రెండో ఉప్పెన సమయంలో "బ్లాక్ ఫంగస్" మాట మీరు వినే ఉంటారు. ముక్కు, కంటిగూడు మీద దాడిచేసే మ్యూకర్‌మైకోసిస్ అది. పట్టీల కథలోని రైజోపస్ ఈ కుటుంబానిదే. ఆ శిలీంధ్రం నల్లనిది కాదు, అది రక్తప్రసరణ ఆపేయడంతో చచ్చిపోయిన కండ నల్లబడుతుంది. తెలంగాణ ప్రభుత్వం మే 20న దాన్ని తప్పనిసరిగా నివేదించవలసిన వ్యాధిగా ప్రకటించింది. హైదరాబాదులో కోఠి ఇఎన్‌టి ఆసుపత్రి దానికి ప్రధాన కేంద్రమైంది. ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఆంఫోటెరిసిన్ సీసాల కోసం బంధువులు ఊరూరా తిరిగారు. అదుపులో లేని మధుమేహం, దానిమీద స్టెరాయిడ్లు. నేల తయారై ఉంది.

కోవిడ్ స్టెరాయిడ్ల గురించి అందరూ మాట్లాడారు. నేను మీ దృష్టికి తేవాలనుకున్నది మరో స్టెరాయిడ్. 1952లో హైడ్రోకార్టిసోన్ పూతమందు చర్మవ్యాధులకు పనికొస్తుందని తేలింది. తరువాత అంతకంటే ఎన్నో రెట్లు బలమైనవి వచ్చాయి. తామర మీద అది రాస్తే ఏమవుతుంది? రెండో భాగంలో గుర్తుపెట్టుకోమన్నది ఇదే. మచ్చ అంచున ఎరుపు, దురద శరీరం చేస్తున్న పోరాటానికి గుర్తులు. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపుతుంది. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, మనిషి సంతోషిస్తాడు, శిలీంధ్రం అడ్డులేకుండా పాకుతుంది. మచ్చ తన ఆకారం కోల్పోయి వైద్యుడు కూడా గుర్తుపట్టలేనిదిగా మారుతుంది. ఎయిడ్స్, మార్పిడి ఏమీ లేని మనిషిలో అరచేతి వెడల్పు మేర నిరోధక శక్తిని అణచినట్టయింది.

దానితోపాటు మొదట్లో నేను చెప్పిన దానికి ఒక మినహాయింపు కూడా వచ్చింది. శిలీంధ్రమూ మారింది. మామూలుగా వాడే టెర్బినాఫిన్ మాత్రకు లొంగని తామర శిలీంధ్రం మన దేశంలో విస్తరించింది. 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియె అని పేరుపెట్టారు. ఇతర దేశాల్లోనూ కనిపిస్తోంది. స్టెరాయిడ్ పూతమందులు వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది.

మొదట్లో చెప్పిన నర్సు విద్యార్థిని తరువాతి తరగతికి వచ్చినప్పుడు, వాళ్ళమ్మ ఏళ్ళుగా రాసుకుంటున్న ట్యూబును సంచిలో పెట్టుకుని వచ్చింది. మందుల దుకాణంలో చీటీ లేకుండా కొన్నదే. దానిమీద చిన్న అక్షరాల్లో మూడు మందుల పేర్లున్నాయి. మొదటిది స్టెరాయిడ్.